డ్రిప్‌కు యాసిడ్ పట్టించే ముందు: ఏ వస్తువును ఏం చేస్తుందో తెలుసుకోండి

బోరు నీటితో డ్రిప్ నడిపే పొలాల్లో రెండు మూడేళ్లు గడిచేసరికి డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లటి పెచ్చు కనబడుతుంది. మొదట సాలు చివరి మొక్కలు వాడతాయి. తర్వాత మధ్య మొక్కలు కూడా వాడిపోతాయి. మోటారు బాగానే ఉంటుంది, ప్రెషర్ కూడా ఉంటుంది, నీళ్లు మాత్రం చుక్క పడవు. దీనికి యాసిడ్ పట్టించమని డ్రిప్ కంపెనీ వాళ్లు, ఉద్యాన అధికారులు చెబుతారు. సలహా మంచిదే. అయితే సున్నపు పెచ్చును కరిగించే ఆ యాసిడ్ దారిలో ఉన్న ఇనుమును, జింకు పూతను, ఇత్తడి వాల్వును, సిమెంటు తొట్టిని కూడా తింటుంది. చేతిని, కంటిని అసలే వదలదు. అందుకే డబ్బా మూత తీసే ముందే అది పారే దారిలో ఏ వస్తువులు ఉన్నాయో చూసుకోవాలి.

ముందు ఆ పెచ్చు సున్నమేనా?

పల్నాడు, కడప, నంద్యాల, తాండూరు వైపు భూమిలో సున్నపురాయి పొరలు ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలిసింది కూడా అందుకే. ఆ రాళ్ల గుండా దిగిన నీరు సున్నాన్ని బైకార్బొనేట్ రూపంలో కరిగించుకుని బోరులోకి వస్తుంది. సున్నపురాయి లేని చోట్ల కూడా లోతు బోర్లలో ఉప్పు నీరు, చవుడు నీరు మామూలే. నల్లటి లేటరల్ పైపు ఎండకు వేడెక్కినప్పుడు, డ్రిప్పర్ మూతి దగ్గర చుక్క ఆరినప్పుడు ఆ నీటిలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది, కరిగి ఉన్న సున్నం గట్టిపడి మిగిలిపోతుంది. టీ కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్ల పొర కూడా ఇదే.

అయితే డ్రిప్పర్లు మూసుకుపోయిన ప్రతిసారీ కారణం సున్నమే కానక్కర్లేదు. ఒక డ్రిప్పర్ ఊడదీసి పెచ్చును కాస్త గీకి, దాని మీద నిమ్మరసం పిండి చూడండి. బుస్సుమని నురుగు వస్తే సున్నమే. నురుగు రాకుండా వేలికి జిగటగా తగిలితే అది పాచి, సూక్ష్మజీవుల జిగురు. దానికి యాసిడ్ పనిచేయదు, క్లోరిన్ మందు కావాలి. తుప్పు రంగులో ఉంటే నీటిలో ఇనుము ఎక్కువగా ఉందన్నమాట. యాసిడ్ దాన్ని కొంత కరిగిస్తుంది కానీ జిగురుతో కలిసిపోయి ఉంటే పూర్తిగా వదలదు. సన్న మట్టి చేరి ఉంటే తప్పు ఫిల్టరుది. యాసిడ్ ఎంత పోసినా మట్టి కరగదు.

ఇంకో మాట. పూర్తిగా మూసుకుపోయిన డ్రిప్పర్లోకి యాసిడ్ నీరు కూడా వెళ్లదు. కాబట్టి నీరు తగ్గడం మొదలైనప్పుడే పట్టించాలి. ఎలా తెలుస్తుందంటే, గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ కింద గిన్నె పెట్టి సరిగ్గా 3 నిమిషాలు పట్టండి. 200 మి.లీ. రావాలి. గంటకు 2 లీటర్లదైతే 100 మి.లీ. పొలంలో మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని డ్రిప్పర్లు ఇలా చూసి కాగితం మీద రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాది పోల్చుకోవచ్చు.

నురుగు ఎందుకు వస్తుంది?

సున్నపు పెచ్చు అంటే కాల్షియం కార్బొనేట్. కోడిగుడ్డు పెంకు, నత్తగుల్ల, నాపరాయి, పాలరాయి కూడా అదే పదార్థం. దీనికి ఆమ్లం తగిలితే అందులోని బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోతుంది, కాల్షియం నీటిలో కరిగే ఉప్పుగా మారుతుంది. నిమ్మరసంలో గుడ్డు వేసి ఉంచితే ఒకటి రెండు రోజులకు పెంకు పలచబడి మెత్తబడేది ఇందువల్లే. నిమ్మరసం బలహీనమైన ఆమ్లం కనుక నెమ్మదిగా తింటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనది కనుక క్షణాల్లో తింటుంది. తేడా వేగంలోనే.

ఇదే గుణంతో నేలను కూడా పరీక్షించవచ్చు. పొడి మట్టి మీద రెండు మూడు చుక్కల పలచని యాసిడ్ వేస్తే నురుగు వచ్చిందంటే అది సున్నం ఉన్న నేల. అలాంటి నేలల్లో వేరుశనగ, బత్తాయి, నిమ్మ లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు, తెలుపు రంగులకు తిరుగుతాయి. నేలలో ఇనుము ఉన్నా సున్నం వల్ల మొక్కకు అందదు. వేరుశనగలో దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమనేది మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలా కాలంగా ఇస్తున్న సిఫారసు. ఎకరాకు 200 లీటర్లు అనుకుంటే కిలో అన్నభేదికి 200 గ్రాముల నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. చాలామంది దాన్ని మానేసి అన్నభేది ఒక్కటే కొడతారు. చవుడు నీటిలో అన్నభేది కాసేపటికే తుప్పు రంగుకు తిరిగి అడుగున చేరుతుంది. ఆ ఆమ్లం వేస్తేనే ఇనుము కరిగిన రూపంలో నిలుస్తుంది.

ఏ యాసిడ్ కొనాలి?

సున్నపు పెచ్చుకు 30 నుంచి 35 శాతం ఉండే మామూలు హైడ్రోక్లోరిక్ ఆమ్లం సరిపోతుంది. ఇది సున్నంతో కలిస్తే వచ్చే ఉప్పు నీటిలో పూర్తిగా కరుగుతుంది, పైపులో ఏమీ మిగలదు. గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఇంతకంటే గాఢంగా దొరుకుతుంది. కానీ సున్నం ఎక్కువగా ఉన్న నీటిలో పోస్తే జిప్సం తయారవుతుంది. జిప్సం నీటిలో అంతగా కరగదు. ఒక పెచ్చు తీయబోయి ఇంకో పెచ్చు పెట్టుకున్నట్టవుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం మొక్కకు భాస్వరం ఇస్తుంది నిజమే, అయితే నీటి ఆమ్లగుణం తగినంత లేకపోతే కాల్షియం ఫాస్ఫేట్‌గా గడ్డకడుతుంది. పైగా ఖరీదు. నత్రికామ్లం పొగలు కక్కుతుంది, ఇత్తడిని, రాగిని ఇట్టే తినేస్తుంది. చిన్న రైతుకు దానితో పని లేదు.

బాత్‌రూం కడిగే రంగు యాసిడ్ సీసాలు డ్రిప్‌కు వాడకండి. వాటిలో చిక్కదనానికి, వాసనకు, రంగుకు వేరే పదార్థాలు కలుపుతారు. పాత ట్రాక్టర్ బ్యాటరీ నుంచి వంపిన యాసిడ్ అసలే వద్దు. అది గంధకామ్లం, అందులో సీసం కూడా ఉంటుంది. సీసం నేలలో చేరితే పోదు.

యాసిడ్ అమ్మకాలపై 2013 జులైలో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. దుకాణదారు కొనేవారి పేరు, చిరునామా, ఎందుకు కొంటున్నారో రిజిస్టరులో రాసుకోవాలి, గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్ల లోపు వారికి అమ్మకూడదు. ఆధార్ కార్డు వెంట తీసుకెళ్లండి. పిల్లవాణ్ణి పంపి తెప్పించడం చట్టరీత్యానే కాదు, ఏ రకంగానూ తగదు.

దారిలో ఉన్న వస్తువులు

ఇప్పుడు అసలు విషయం. బోరు దగ్గర నుంచి చివరి డ్రిప్పర్ దాకా నడుస్తూ ఒక్కో వస్తువును చూడండి.

పీవీసీ మెయిన్ పైపు, సబ్‌మెయిన్, నల్లటి లేటరల్ పైపులు, డ్రిప్పర్లు ప్లాస్టిక్‌వి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వీటిని ఏమీ చేయదు. ఆ యాసిడ్ అంగట్లో ప్లాస్టిక్ డబ్బాలోనే వస్తుంది కదా. డిస్క్ ఫిల్టరులోని చక్రాలు కూడా ప్లాస్టిక్కే. ఇక్కడ భయం లేదు. గాజు కూడా ఈ యాసిడ్‌కు లొంగదు కానీ పొలంలో గాజు సీసా పగిలితే వచ్చే ప్రమాదమే ఎక్కువ.

జీఐ పైపు మెరుపంతా పైన పూసిన జింకుది. యాసిడ్ తగలగానే ముందు ఆ జింకు కరుగుతుంది, హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. పూత పోయిన చోట లోపలి ఇనుముకు వంతు వస్తుంది. యాసిడ్ పని అయిపోయాక కూడా ఆ చోట తుప్పు ఆగదు. ఆ తుప్పు రజనే తర్వాత డ్రిప్పర్లలోకి వెళ్తుంది. సున్నం పోగొట్టి తుప్పును తెచ్చుకోవడం అంటే ఇదే. లేచే హైడ్రోజన్ నిప్పంటుకునే వాయువు. బీడీ, సిగరెట్ దూరంగా పెట్టండి.

సాండ్ ఫిల్టర్, హైడ్రో సైక్లోన్, ఎరువుల ట్యాంకు ఎక్కువగా ఇనుప రేకుతో చేసి లోపల రంగు పూత వేసినవి. పూత చెక్కుచెదరకుండా ఉంటే యాసిడ్ నీరు ఏమీ చేయలేదు. కానీ మూత బిగించే అంచు దగ్గర, బోల్టుల దగ్గర, రాళ్లు రాసుకున్న చోట పూత లేచిపోయి ఉంటుంది. యాసిడ్ సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. పైకి చిన్న రంధ్రం కనబడేసరికి లోపల అరచేతి మేర పలచబడి ఉంటుంది. అందుచేత ఇనుప ఎరువుల ట్యాంకులో యాసిడ్ పోయవద్దు. ప్లాస్టిక్ వెంచురీతో పీల్పించాలి. సాండ్ ఫిల్టరులోని మంచి ఇసుక యాసిడ్‌లో కరగదు. నత్తగుల్లలు, సున్నపురాళ్లు కలిసిన ఇసుక నింపి ఉంటే మాత్రం నురుగుతుంది. పిడికెడు తీసి చుక్క వేసి చూడండి.

స్క్రీన్ ఫిల్టరులోని స్టీలు జాలీ గురించి చాలామందికి అపోహ ఉంది. స్టీలుకు తుప్పు పట్టదు కాబట్టి యాసిడ్ కూడా ఏమీ చేయదనుకుంటారు. వంటింట్లో నిమ్మకాయ పులిహోర స్టీలు గిన్నెలో పెడితే ఏమీ కాదు, నిజమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేరు. ఇందులోని క్లోరైడు స్టీలు మీది రక్షణ పొరను సూది మొనంత చోట్ల ఛేదించి గుంటలు చేస్తుంది. సన్నని జాలీ తీగకు ఆ గుంట చాలు. జాలీ తెగితే ఫిల్టరు ఉన్నా లేనట్టే.

ఇత్తడి వాల్వులు, ప్రెషర్ గేజీ లోపలి గొట్టం సంగతి ఇంట్లో ఆడవాళ్లకు బాగా తెలుసు. చింతపండుతో తోమితే ఇత్తడి బిందె తళతళలాడుతుంది, ఎందుకంటే చింతపండులోని ఆమ్లం పైన పట్టిన మాపును కరిగిస్తుంది. అదే ఇత్తడి గిన్నెలో కళాయి లేకుండా పులుసు, మజ్జిగ నిల్వ ఉంచితే చిలుము పుట్టి తినడానికి పనికిరాకుండా పోతుంది. ఒక్క నిమిషం తోమడం వేరు, రాత్రంతా నిలవడం వేరు. యాసిడ్ నీరు నిలిచిన ఇత్తడిలో జింకు కరిగిపోయి, మిగిలినది ఎర్రబారి పెళుసెక్కుతుంది. గేజీ తీసి పక్కన పెట్టి ఆ రంధ్రానికి ప్లాస్టిక్ ప్లగ్ బిగిస్తే సరిపోతుంది.

అల్యూమినియం అన్నిటికంటే తొందరగా పోయేది. మన ఇళ్లలో సత్తు గిన్నెలు, సత్తు చెంబులు ఉంటాయి. వాటితో యాసిడ్ కొలవడం గానీ కలపడం గానీ చేయవద్దు. మొదట కాసేపు ఏమీ కానట్టుంటుంది. పైనున్న పలచటి పొర కరగ్గానే ఒక్కసారిగా పొంగి, వేడెక్కి, మీదకు చిందుతుంది.

సిమెంటు తొట్టి కూడా సున్నపు వస్తువే. అందులో యాసిడ్ కలిపితే మీరు లెక్కగట్టి పోసిన యాసిడ్‌లో కొంత గోడలే తాగేస్తాయి. గోడలు ఇసుక రాలి గరుకుగా అవుతాయి, చివరికి నీరు కారతాయి. తొట్టి కడగడానికి కూడా యాసిడ్ వాడకపోవడమే మంచిది. ఇంట్లో నాపరాళ్లు పరిచి ఉంటే అదే జాగ్రత్త. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, కడప నల్ల బండలు అన్నీ సున్నపురాయి జాతివే. బండల మీద డబ్బా పెడితే కారిన ప్రతి చుక్కకు ఒక తెల్ల మచ్చ, చిన్న గుంట పడుతుంది. ఎంత రుద్దినా పోదు. గ్రానైటుకు అలా కాదు.

నూలు బట్ట మీద చిందినది వెంటనే కనబడదు. ఆరేకొద్దీ యాసిడ్ గాఢమై, రెండోసారి ఉతికేసరికి చొక్కాకు జల్లెడలా చిల్లులు పడతాయి. గంధకామ్లమైతే అక్కడే నల్లబడి ఊడిపోతుంది.

యాసిడ్ డబ్బాను మోటారు స్టార్టరు పెట్టెతో పాటు ఒకే గదిలో ఉంచేవాళ్లు కూడా ఉన్నారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూత బిగించినా కొద్ది కొద్దిగా ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికే స్టార్టరు కాంటాక్టులు, స్ప్రేయరు ఇనుప భాగాలు, కొడవళ్లు తుప్పు పడతాయి. స్టార్టరు తరచూ మొరాయిస్తుంటే ఆ గదిలో ఏం నిల్వ ఉందో ఒకసారి చూసుకోండి.

కొలత మీ నీటితోనే తేల్చుకోవాలి

ఎకరాకు ఇన్ని లీటర్లు అని ఒకే లెక్క చెప్పడం కుదరదు. పక్క పక్క బోర్లలోనే నీటి గుణం వేరుగా ఉంటుంది. మీ నీటికి ఎంత పడుతుందో ఒక ప్లాస్టిక్ బకెట్టుతో తేలిపోతుంది.

బకెట్టులో మీ బోరు నీరు కొలిచి 10 లీటర్లు పోయండి. సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజితో యాసిడ్ ఒక్కో మి.లీ. చొప్పున వేస్తూ కర్రతో కలపండి. ఒక నిమిషం ఆగి పీహెచ్ కాగితం ముంచి రంగు చూడండి. మొదట్లో రంగు పెద్దగా మారదు. నీటిలోని బైకార్బొనేట్లు యాసిడ్‌ను మింగేస్తుంటాయి. అవి అయిపోయాక ఒకటి రెండు మి.లీ.లకే రంగు చటుక్కున మారుతుంది. అక్కడ నిదానించాలి. పీహెచ్ 4 దగ్గర ఆపండి.

10 లీటర్లకు 8 మి.లీ. పట్టిందనుకుందాం. అంటే లీటరుకు 0.8 మి.లీ. మీరు ఒకసారి విడిచే సెక్షన్లో గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు 2,000 ఉంటే గంటకు 8,000 లీటర్లు, 15 నిమిషాలకు 2,000 లీటర్లు పారతాయి. 2,000 లీటర్లకు 0.8 మి.లీ. చొప్పున 1,600 మి.లీ., అంటే లీటరున్నర పైచిలుకు యాసిడ్. మీ పొలంలో డ్రిప్పర్ల లెక్క వేరైతే ఇదే దారిలో లెక్క కట్టండి. పైపుల్లో పాత సున్నం ఎక్కువగా పేరుకుని ఉంటే అది కూడా కొంత యాసిడ్ తీసుకుంటుంది కాబట్టి లెక్క కంటే కాస్త ఎక్కువే పట్టవచ్చు.

పట్టించే రోజు

ముందు రోజే ఫిల్టర్లు కడిగి, సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వులు, లేటరల్ చివర్లు విప్పి మట్టి పోయేదాకా నీరు వదలాలి. వెంచురీని ఇనుప ఫిల్టర్లకు ముందు కాకుండా వాటి తర్వాత బిగించుకోవాలి. బోరుకు, వెంచురీకి మధ్య నాన్ రిటర్న్ వాల్వు పనిచేస్తోందో లేదో తప్పకుండా చూడాలి. కరెంటు పోయి మోటారు ఆగితే యాసిడ్ నీరు వెనక్కి బోరులోకి దిగుతుంది. కరెంటు రాకపోకలు నమ్మలేని మన ఊళ్లలో ఇది జరిగే పనే. ఆ బోరు నీళ్లే ఇంటికి, పశువులకు వాడుతుంటే ఆ వాల్వు లేకుండా పని మొదలుపెట్టవద్దు.

పై లెక్క ప్రకారం ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు 16 లీటర్ల నీరు పోసి, ఆ నీటిలోకి 1,600 మి.లీ. యాసిడ్‌ను సన్నటి ధారగా వంచుతూ కర్రతో కలపాలి. నీటిలోకి యాసిడ్, ఈ వరస ఎప్పటికీ మారకూడదు. యాసిడ్‌లోకి నీరు పోస్తే ఆ కొద్ది నీరు ఒక్కసారిగా వేడెక్కి, యాసిడ్‌ను వెంటేసుకుని ముఖం మీదకు ఎగురుతుంది. గంధకామ్లంతో ఇది మరీ ప్రమాదం.

డ్రిప్ మామూలు ప్రెషర్‌లో నడుస్తుండగా వెంచురీ వాల్వు తిప్పి, డ్రమ్ములోది 15 నిమిషాల్లో అయిపోయేలా పీల్పించండి. మధ్యలో ఒకరు వెళ్లి చివరి లేటరల్ చివరి డ్రిప్పర్ చుక్కను పీహెచ్ కాగితం మీద పట్టి చూడాలి. అక్కడ 4 వస్తే పొలమంతా అందినట్టే. 6 దగ్గరే ఆగిపోతే ఇంకొంచెం కావాలి. 4 రాగానే నీరు, వెంచురీ రెండూ ఆపేసి 24 గంటలు అలాగే వదిలేయండి. లోపలి సున్నం కరగడానికి ఆ సమయం కావాలి. అందుకే ఇనుము, ఇత్తడి దారిలో ఉండకూడదన్నది కూడా. అంత పలచని యాసిడ్ కాసేపు తాకి పోతే లోహానికి పెద్దగా ఏమీ కాదు, రోజంతా నిలిస్తే మాత్రం పట్టుకుంటుంది.

మర్నాడు మొదట సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వులు, తర్వాత నాలుగైదు చొప్పున లేటరల్ చివర్లు విప్పి తేట నీరు వచ్చేదాకా వదలండి. ఈ పని బద్ధకించి ఎండ్ క్యాపులు విప్పకపోతే, ఊడిన సున్నపు రేకులన్నీ చివరి డ్రిప్పర్లలోకే చేరి ముందుకంటే ఎక్కువగా మూసుకుపోతాయి. యాసిడ్ పట్టించినా లాభం లేదని చెప్పే చాలా చోట్ల జరిగింది ఇదే. వెంచురీ గొట్టాన్ని కూడా మంచి నీటితో పీల్పించి కడగండి.

బ్లీచింగ్ పౌడరు దగ్గరికి రానీయకండి

పాచికి బ్లీచింగ్ పౌడరు, సున్నానికి యాసిడ్ అని విన్నవారికి రెండూ ఒకేసారి పట్టిస్తే ఒక పనైపోతుంది కదా అనిపించవచ్చు. ఆ పని ప్రాణం తీస్తుంది. బ్లీచింగ్ పౌడరుకు గానీ, సోడియం హైపోక్లోరైట్ ద్రావణానికి గానీ యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. కళ్లు, గొంతు మండటం, దగ్గు, ఊపిరి ఆడకపోవడం దాని లక్షణాలు. అది గాలి కంటే బరువైనది కాబట్టి గుంటలో, తొట్టిలో, మూసిన గదిలో కింద పేరుకుంటుంది. రెండు మందులకు వేరు వేరు డ్రమ్ములు, వేరు వేరు మగ్గులు ఉంచుకోవాలి. ఒకటి పట్టించి, పైపులు పూర్తిగా కడిగి, కనీసం మరో రోజు ఆగాకే రెండోది. ఇంట్లో బాత్‌రూం కడిగేటప్పుడు కూడా ఇదే నియమం.

పొరపాటున ఆ వాసన ముక్కుకు తగిలితే డబ్బా మూత పెట్టడానికి కూడా ఆగవద్దు. గాలికి ఎదురుగా, ఎత్తైన చోటికి వెళ్లిపోండి. తొట్టిలో ఎవరైనా పడిపోతే ఊపిరి బిగబట్టి దిగుదామనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి. కాసేపటికి తేలికపడ్డట్టు అనిపించినా కొన్ని గంటల తర్వాత ఆయాసం ముదరవచ్చు కనుక ఆసుపత్రిలో చూపించుకోవాలి.

పత్తి గింజ నూగు తీసేవారికి

కంపెనీ పత్తి విత్తనం నూగు తీసే వస్తుంది. సొంతంగా దేశవాళీ పత్తి విత్తనం దాచుకునేవారు ఇప్పటికీ కొందరు గంధకామ్లంతో నూగు తీస్తారు. పత్తి నూలును మాడ్చే గుణమే ఇక్కడ ఉపయోగం. బాగా ఆరిన గింజ కిలోకు 100 మి.లీ. గాఢ గంధకామ్లం ప్లాస్టిక్ బకెట్టులో పోసి కర్రతో 2, 3 నిమిషాలు వేగంగా కలిపితే గింజలు కాఫీ గింజ రంగుకు వస్తాయి. అక్కడ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా నీరు నిండిన పెద్ద ప్లాస్టిక్ తొట్టిలోకి గింజలను కుమ్మరించాలి. నాలుగైదు సార్లు కడిగి, తేలిన తాలు గింజలు తీసేసి, చివర కొద్దిగా సున్నపు తేటలో ముంచి, మళ్లీ కడిగి నీడన ఆరబెట్టాలి. గింజలో తేమ ఉంటే యాసిడ్ వేడికి మొలక చచ్చిపోతుంది. ఇనుప తట్టలో, సత్తు గిన్నెలో ఈ పని చేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

బోర్డో మిశ్రమానికి చాకు పరీక్ష

మైలుతుత్తం ద్రావణానికి కూడా ఆమ్లగుణం ఉంది. ఒక శాతం బోర్డో మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు అంటాం. పాత సున్నం, గాలికి చెడిన సున్నం వాడితే ఆ కిలో చాలదు. మెరిసేలా రుద్దిన ఇనుప చాకును మిశ్రమంలో ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. పూత పడనంత వరకు సున్నపు నీరు కలపాలి. లేకపోతే ఆకు మాడుతుంది. ఈ కారణంతోనే మైలుతుత్తాన్ని ఇనుప బకెట్టులో కలపరు. కలిపితే మందులోని రాగి బకెట్టుకు అంటుకుని పోతుంది, బకెట్టు కూడా చిల్లు పడుతుంది.

మీద పడితే, మిగిలితే

యాసిడ్ పని ఒంటరిగా చేయవద్దు. రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, బూట్లు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. మామూలు చూపు అద్దాలు పక్కల నుంచి కాపాడవు. చేతికి అందేలా ఒక డ్రమ్ము మంచి నీరు ముందే నింపి ఉంచుకోవాలి. ఒంటి మీద పడితే ఆ బట్టలు తీసేసి, కనీసం 20 నిమిషాలు నీళ్లు ధారగా పోస్తూ ఉండాలి. కంట్లో పడితే రెప్పలు విడదీసి పట్టుకుని అంతసేపూ కడుగుతూనే ఉండాలి. చాలామంది రెండు చెంబులతో ఆపేసి ఆసుపత్రికి బయల్దేరతారు. కన్ను నిలిచేదీ పోయేదీ ఎక్కువగా ఆ మొదటి నిమిషాల కడుగుడులోనే తేలుతుంది. కడిగాకే ఆసుపత్రి. యాసిడ్‌కు సున్నం విరుగుడు అని ఒంటికి సున్నం, సోడా రాయవద్దు. అవి కలిసినప్పుడు పుట్టే వేడి కూడా కాలుస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. దిగేటప్పుడు కాల్చినది పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు పుక్కిలించి 108లో తీసుకెళ్లండి, డబ్బా కూడా చూపించండి.

నేల మీద ఒలికితే మట్టి, కట్టెల బూడిద లేదా సున్నపు పొడి చల్లండి. నురుగు ఆగిపోయాక నీటితో కడగవచ్చు. డ్రమ్ములో మిగిలిన యాసిడ్ నీటిని కాలువలో, చెరువులో వంచవద్దు. కొద్ది కొద్దిగా సున్నం వేసి నురుగు రావడం ఆగాక, పీహెచ్ కాగితం 7 దగ్గర చూపిస్తే గట్టుకు దూరంగా ఖాళీ నేలలో పోయండి. మిగిలిన గాఢ యాసిడ్ వచ్చిన డబ్బాలోనే ఉండాలి. కూల్‌డ్రింకు సీసాలోకి, నీళ్ల సీసాలోకి మార్చవద్దు. పొలంలో దాహం వేసినవాడు సీసా చూస్తాడు, లేబులు చూడడు. ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు కడిగి, అడుగున చిల్లు పొడిచి పడేయండి. మళ్లీ ఎవరూ అందులో నీళ్లు పట్టరు.